ముత్తమ్మ బతికే ఉందని చెప్పడానికి

"సిస్టర్, మా అవ్వ సచ్చిపోయిందంట!"

బుధవారం సాయంత్రం ఆరు గంటలకు సరిత ఫోన్లో చెప్పిన మొదటి మాట ఇది. "ఎప్పుడే?" అన్నాను.

"సావలే సిస్టర్. గీ ఎదురుంగనే కూసొని కందికాయలు ఒలుస్తున్నది. ఓట్ల లిస్టుల సచ్చిపోయిందని రాసిండ్లంట. అందరికీ స్లిప్పులొచ్చినయ్, అవ్వకు రాలే. మీరొచ్చి చెప్తే సార్లు ఇంటరు. జల్దీ రాండ్రి."

మర్నాడే అసెంబ్లీ ఎన్నికల పోలింగ్. ఈసారి ప్రభుత్వం ఉంటుందా, పోతుందా అన్న మాట తప్ప నెల రోజులుగా ఖమ్మంలో వేరే మాట లేదు. ఉదయం ఓటేసి వచ్చి టీవీ ముందు కూర్చోవాలని అనుకున్నాను. కానీ సరిత వాళ్ల అవ్వ ముత్తమ్మ కోసం అడిగితే కాదనలేను. భద్రాచలం అవతల అడవిలో పద్నాలుగేళ్లు నర్సుగా పనిచేశాను. ఇప్పగుంపు అనే కోయ పల్లెలో ముత్తమ్మ మంత్రసాని. మొదట్లో నన్ను చూసి ముఖం తిప్పుకునేది. తర్వాత నా మందుల పెట్టె తానే నెత్తిన పెట్టుకుని వాగులు దాటించేది. సరిత పుట్టినప్పుడు పట్టుకున్నవి మా ఇద్దరి చేతులే. ఇప్పుడా పిల్లకు మొదటి ఓటు వచ్చింది, వాళ్ల అవ్వకు ఉన్న ఓటు పోయింది.

మా చెల్లెలు టీచరు. ఎన్నికల డ్యూటీలు చాలా చేసింది. దానికి ఫోన్ చేస్తే, "పేరు లిస్టులోంచి తీసేయకుండా చనిపోయినట్టు గుర్తు మాత్రమే పెట్టి ఉంటే భయం లేదక్కా. మనిషిని, కార్డును సరిచూసి, డిక్లరేషన్ మీద వేలిముద్ర తీసుకుని ఓటేయనివ్వాలి. కాకపోతే ఆమె స్వయంగా రావాలి. అడవి ప్రాంతంలో పోలింగ్ నాలుగింటికే ఆపేస్తారు, గుర్తుంచుకో" అంది.

గురువారం ఆరున్నరకే బూత్ ముందు నిలబడ్డాను. ఏడూ పదికి ఓటేసి, ఏడూ నలభై ఐదుకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కాలు పెట్టడానికి చోటు లేదు. హైదరాబాద్‌లో కూలి పనులు చేసుకునేవాళ్లంతా ఓటు కోసం ఊళ్లకు వస్తున్నారు. కండక్టరు నా వేలి మీది సిరా చూసి నవ్వాడు.

"ఓటేసొచ్చినోళ్లు నిలబడుండ్రి, వేయబోయేటోళ్లు కూసోండ్రి!"

బస్సంతా నవ్వింది. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె మాత్రం జరిగి నాకు కాస్త చోటిచ్చింది. ఖమ్మం దాకా రాత్రంతా నిలబడే వచ్చిందట. "కూలి పోతే పోయింది గాని, ఈసారి వేయకుంటే మనసున పట్టదమ్మా" అంది. ఎవరికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తల్లాడలో సగం మంది దిగారు, అంతకు రెట్టింపు ఎక్కారు. జూలూరుపాడులో బడి గేటు దాటి రోడ్డు దాకా వచ్చిన క్యూ కనిపించింది. కిటికీలోంచి తలలు బయటపెట్టి, "ఎంత సేపయితుందే?" అని అడిగేవాళ్లు, "దిగి నిలబడు, తెలుస్తది!" అని జవాబిచ్చేవాళ్లు. పెళ్లి బస్సులో వెళుతున్నట్టు ఉంది నాకు.

పన్నెండుకు భద్రాచలం. బస్టాండు బయట రెండు ఇడ్లీలు తిని, పన్నెండున్నరకు షేర్ ఆటో ఎక్కాను. ఈ దారిన రావాలనుకునేవాళ్లకు ఒక మాట: చర్ల రోడ్డు మీద ఆటోలు నిండితే తప్ప కదలవు, తొందర పనులుంటే ఒక గంట ముందే లెక్కలో వేసుకోండి. పెద్దిపాడు బడి ముందు దిగేసరికి ఒకటీ నలభై అయింది. చుట్టుపక్కల ఆరు గుంపులకు, అంటే కోయ పల్లెలకు, అదే బూత్. క్యూలో ముత్తమ్మ లేదు, సరిత లేదు. అడవి బాటలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్ కలవలేదు.

క్యూలోని ఒకామె నన్ను గుర్తుపట్టింది. "ముత్తవ్వ తెల్లారంగనే బయల్దేరిందమ్మా. మంచం కట్టి మోస్తమంటే ఇనలే. మోకాళ్ల నొప్పి. యాడ కూలబడ్డదో ఏమో."

ఇప్పగుంపు అక్కడికి అయిదు కిలోమీటర్లు. అడవి బాట పట్టుకుని నడిచాను. టేకు ఆకులు కాళ్ల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. ఎదురొచ్చేవాళ్లంతా సిరా వేలు చూపిస్తూ, "నర్సమ్మా, బాగున్నవా?" అని ఆగుతున్నారు. ఆగి మాట్లాడే టైము లేదు. రెండు దాటాక వాగు దగ్గర కనిపించారు అవ్వా మనవరాలూ. ముత్తమ్మ రాతి మీద కూర్చుని వాపెక్కిన మోకాళ్లు నీళ్లలో పెట్టుకుంది. సరిత కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మంచం మీద ఎందుకు రాలేదు ముత్తమ్మా?" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నన్ను సచ్చినోళ్లల్ల రాసిండ్లు. సచ్చినోళ్లనే గద మంచం మీద మోసేది? గట్ల పోతే వాళ్ల రాతే నిజమైతది. నేను నడిసే పోత."

సరితా నేనూ ఆమెను లేపి నిలబెట్టాం. చెరో చంక పట్టుకున్నాం. యాభై అడుగులు వేయడం, నిలబడి ఊపిరి తీసుకోవడం. ఆగిన ప్రతిసారీ సరిత ఫోన్లో టైము చూస్తోంది. మూడు. మూడూ పది. బూత్‌లో ఏం చెప్పాలో దానికి నేర్పుతూ నేను నడిచాను. "డిక్లరేషన్ అనే మాట మరిచిపోకు" అంటే అది పాఠంలా వల్లించింది. ముత్తమ్మ కోయ భాషలో ఏదో గొణిగింది. సరితకు నవ్వు వచ్చింది. "కాన్పు నొప్పుల్ల కూడ ఇంత తొందర పెట్టలే ఈ నర్సమ్మ అంటున్నది."

మూడూ యాభై రెండుకు బడి గేటు చేరాం. సరిగ్గా నాలుగింటికి గేటు మూసి, లోపల ఉన్నవాళ్లకు చివరి నుంచి చీటీలు ఇచ్చారు. ముత్తమ్మకు ఒకటో నంబరు చీటీ, సరితకు రెండు. అంటే క్యూలో అందరికన్నా చివరివాళ్లు వీళ్లే. నన్ను కానిస్టేబుల్ గేటు దగ్గరే ఆపేశాడు. "మీ ఓటు ఈడ లేదు గదమ్మా. బయటనే ఉండాలె." ఖమ్మం నుంచి ఎందుకు వచ్చానో, ఆ పని చేసే వీలే లేకపోయింది. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అక్కడికి వరండా, తెరిచి ఉన్న గది తలుపు కనిపిస్తున్నాయి.

అయిదు దాటాక సరిత తన మొదటి ఓటు వేసి తలుపు దగ్గర ఆగింది, ముత్తమ్మ వంతు వచ్చింది. పోలింగ్ ఆఫీసరు కాగితం చూసి, ఆమెను చూసి, మళ్లీ కాగితం చూశాడు. "మడకం ముత్తమ్మ చనిపోయినట్టుంది కదా" అన్న మాట గేటు దాకా వినిపించింది. వెంటనే సరిత గొంతు ఖంగుమంది. "సార్, గుర్తు పెట్టినా సరే, మనిషిని చూసి డిక్లరేషన్ తీసుకొని ఓటేయనీయాలె!"

ప్రిసైడింగ్ ఆఫీసరు లేచి వచ్చింది. ఆమె కూడా టీచరే అయి ఉంటుంది, గొంతులో ఆ నిదానం ఉంది. కార్డు తీసుకుంది. అందులోని ఫొటో పాతది, నల్లటి జుట్టుతో గట్టిగా ఉన్న మనిషి. ఎదురుగా ఉన్నది తెల్లటి తలతో వంగిపోయిన ముసలమ్మ. "ఈమెను ఎవరైనా ఎరుగుదురా?" అని ఏజెంట్లను అడిగింది.

పొద్దుటి నుంచి ఆ గదిలో అధికార పార్టీ ఏజెంటు, ప్రతిపక్షం ఏజెంటు ప్రతి ఓటు దగ్గరా గొడవపడుతున్నారని గేటు దగ్గరివాళ్లు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి లేచారు.

"మేడం, నన్ను పుట్టించింది గీ అవ్వనే."

"నన్ను గూడ మేడం. ఈమె సచ్చిపోతే మేం పుట్టనే లేదు!"

గదిలో నవ్వులు. సంగతి తేలింది. పక్క గుంపులో ఇంకో ముత్తమ్మ కిందటేడు చనిపోయిందట, ఆమెకు పడాల్సిన గుర్తు ఈమెకు పడింది. డిక్లరేషన్ మీద వేలిముద్ర వేయించుకున్నారు, ఎడమచేతి వేలికి సిరా పెట్టారు. ముత్తమ్మ అట్టపెట్టె చాటుకు వెళ్లింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అప్పుడు ఓటింగ్ మిషన్ 'కూ' అని పొడుగ్గా కూసింది. గేటు దగ్గర నిలబడ్డ మేమంతా చప్పట్లు కొట్టాం. కానిస్టేబుల్ కసిరాడు గానీ అతనూ నవ్వుతూనే ఉన్నాడు.

బయటికి వచ్చాక ఒకడు అడిగాడు. "ఎవలకేసినవ్ అవ్వా?"

"చెప్తే అది ఓటెట్లయితదిరా?" అంది ముత్తమ్మ, సిరా వేలు కొంగులో దాచుకుంటూ.

తిరుగుదారిలో ట్రాక్టరు ఎక్కడానికి ఆమె ఒప్పుకుంది. ఇప్పుడిక తాను బతికి ఉన్నట్టు కాగితం మీద కూడా ఉంది కదా అని ఆమె లెక్క. నేనూ వాళ్లతోనే ఇప్పగుంపు వెళ్లి రెండు రోజులు ఉన్నాను. నాటుకోడి కూర, దొడ్డు బియ్యం అన్నం, పత్తి చేలలో కబుర్లు. నా చేతిలో సూదులు వేయించుకుని ఏడ్చిన పిల్లలు ఇప్పుడు మీసాలతో వచ్చి పలకరించారు. శనివారం మధ్యాహ్నం భద్రాచలం వచ్చి బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాను. గది చిన్నదే, వేడినీళ్లు మాత్రం అడగకుండానే ఇచ్చారు.

ఆదివారం ఓట్ల లెక్కింపు. ఏడింటికి చర్చికి వెళితే ప్రార్థన మామూలుకన్నా అరగంట ముందే ముగిసింది. పాస్టరుగారి జేబులో ఫోన్ అప్పటికే రెండుసార్లు మోగింది. పదింటికి ఖమ్మం బస్సు ఎక్కాను. నా పక్కన డిగ్రీ చదివే అమ్మాయి, చేతిలో ఫోన్. బస్సు గోదావరి వంతెన దాటకముందే ఆమె మా అందరికీ వార్తలు చదివే మనిషి అయిపోయింది.

"ప్రతిపక్షం యాభై రెండు చోట్ల ముందున్నది!"

కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, "అరవై కావాలె. అరవై అయితే చెప్పు బిడ్డా" అన్నాడు. అసెంబ్లీలో సగం దాటాలంటే అరవై. యాభై ఐదు అయింది, మళ్లీ యాభై నాలుగుకు దిగింది. దిగినప్పుడు వెనక సీట్ల వాళ్లు ఈలలు వేశారు, ఎక్కినప్పుడు ముందు సీట్ల వాళ్లు. పాల్వంచ దగ్గర సిగ్నల్ పోతే బస్సంతా ఒక్కసారి నిట్టూర్చింది. కొత్తగూడెం బస్టాండులోకి తిరుగుతుండగా సిగ్నల్ వచ్చింది. అమ్మాయి లేచి నిలబడి అరిచింది.

"అరవై రెండు! సర్కారు పోయింది!"

డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయలేదు. ఎవరో నా చేతిలో మిఠాయి పెట్టారు. నేను ఎవరికి ఓటేశానన్నది ఇక్కడ చెప్పను గానీ, మిఠాయి మాత్రం తిన్నాను. మూడు రోజుల కింద నొక్కిన బటన్లు ఇంత పెద్ద కుర్చీని కదిలించాయి.

ఆ గోలలోనే కొత్తగూడెంలో ఒక పెద్దాయన ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. ఓడిపోయిన పార్టీ కండువా చుట్టచుట్టి గుప్పిట్లో పట్టుకున్నాడు. లెక్కింపు కేంద్రం నుంచి వస్తున్నాడట. కాసేపటికి తనే అన్నాడు. "మా ఊళ్లెనే పడలేదమ్మా. మొన్నటిదాక మా ఇంట్ల చాయ్ తాగినోళ్లే. ఒక్కడన్న చెప్తే, ఏం తప్పు చేసినమో అడుగుదును గద."

"ఇప్పుడు అడగండి" అన్నాను. "ఇప్పుడైతే నిజం చెబుతారు."

ఆయన నా వైపు తిరిగి చూశాడు, కండువాను సంచిలో పెట్టుకున్నాడు.

పన్నెండున్నరకు జూలూరుపాడు. రోడ్డు మీద టపాకాయలు, రంగులు, డప్పులు. ఆయన దిగాల్సింది అక్కడే. లేచి, ఆ గుంపును చూసి మళ్లీ కూర్చున్నాడు. కండక్టరుకు అర్థమైంది. "జరంత ముంగటికి పోయి ఆపుతం పెద్దాయనా" అన్నాడు మెల్లగా. ఇంతలో ముఖమంతా రంగు పూసుకున్న ఒకతను కిటికీలోంచి ఈయన్ని చూసి, గుంపు వదిలి బస్సెక్కాడు. ఏదో గొడవ జరుగుతుందని నేను బ్యాగు గట్టిగా పట్టుకున్నాను.

"బావా, పొద్దుటి నుంచి ఏం తినలేదంట గద. అక్క ఏడుస్తున్నది. దా, ఇంటికి పోదాం."

రంగు అంటకుండా రెండు వేళ్లతో ఆయన సంచి అందుకున్నాడు. దిగేముందు డప్పులవాళ్లకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇద్దరూ రోడ్డు దాటేదాకా డప్పులు ఆగాయి. దాటాక మళ్లీ మొదలయ్యాయి, ముందుకన్నా గట్టిగా.

తల్లాడ దాటేసరికి మబ్బు పట్టింది. ముఖ్యమంత్రి ఓటమిని ఒప్పుకున్నాడని అమ్మాయి చదివింది. ఈసారి ఎవరూ ఈల వేయలేదు. అందరూ ధరల గురించీ, పింఛన్ల గురించీ, కొత్తవాళ్లు చెప్పినవి చేస్తారా లేదా అన్నదాని గురించీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. గెలిచినవాళ్లు ప్రమాణం చేయకముందే వాళ్లకు పరీక్ష మొదలైందని అనిపించింది. ఈ నాలుగు రోజుల ప్రయాణంలో నాకు తెలిసింది ఒకటే. ఓటును ఇంత ఆత్రంగా పట్టుకున్న జనాన్ని ఎవరూ, ఏ కుర్చీలోనివాళ్లూ, తేలిగ్గా తీసుకోకూడదు.

రెండున్నరకు ఖమ్మంలో దిగాను. బస్టాండు ముందు ఒకతను నిచ్చెనెక్కి పాత ప్రభుత్వం పెద్ద ఫ్లెక్సీ విప్పుతున్నాడు. కింద ఒక రైతు మహిళ చేతులు చాపి నిలబడి ఉంది.

"చింపకు నాయనా, నాకియ్యి. వాన వచ్చేటట్టున్నది. వడ్లు కళ్లంల ఉన్నయ్, కప్పుకుంట" అంది.