గురునాథరావు గారి వంటగట్టు

గురునాథరావు గారికి ఉన్నది ఒకటే గర్వం. గర్వమంటే ఆయన ఒప్పుకోరు, "అది గర్వం కాదండీ, రికార్డు" అంటారు. స్టీల్ ప్లాంటు ప్లానింగ్ డిపార్ట్‌మెంటులో ముప్పై మూడేళ్ళు చేశారు. మిల్లు ఆపేసి మరమ్మతులు చేసే రోజుల్ని అక్కడ షట్‌డౌన్ అంటారు. ఏ రోజు, ఏ షిఫ్టులో, ఎవరు ఏ బోల్టు విప్పాలో, మళ్ళీ ఎవరు బిగించాలో ముందే చార్టు గీసి ఇవ్వడం ఆయన పని. ఆయన గీసిన షట్‌డౌన్ ఒక్కటంటే ఒక్కటి కూడా గడువు దాటలేదు. ఒక్క షిఫ్టు కూడా! రిటైరైన రోజున మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆ మాటే చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఈయన తల వంచుకుని మెళ్ళో దండ సర్దుకున్నారు.

అలాంటి మనిషి జూన్‌లో రిటైరై కూర్మన్నపాలెంలో సొంతింటి వరండాలో ఖాళీగా కూర్చుంటే ఏమవుతుంది? చేతులు ఊరుకోవు. సరిగ్గా అప్పుడే వాళ్ళావిడ సూర్యకళ గారు, పాపం, నోరు జారారు.

"ఏవండీ, సింకు కింద పైపు కారుతోంది. ప్లంబర్ని పిలుస్తారా?"

పైపొక్కటే. ఆవిడ అడిగింది అంతకుమించి ఏమీ లేదు. ఈయన లేచి వెళ్ళి సింకు కిందకి టార్చి కొట్టి చూశారు. గచ్చు చూశారు, పలకలు చూశారు, పొయ్యి పక్కన మసిబారిన ప్లగ్గు చూశారు. బయటికి వచ్చేసరికి ఆయన మొహంలో పెళ్ళికొడుకు కళ వచ్చేసింది.

"ఇలా ముక్కలు ముక్కలుగా కాదు సూర్యా. మొత్తం షట్‌డౌన్ తీసుకుందాం."

మూడు వారాలు చార్టు గీశారు. పని మొత్తం పదిహేడు రోజులు. మొదటి రోజు గట్టు కొట్టడం, తర్వాత పైపులు, తర్వాత వైర్లు, పలకలు, నల్లరాయి, అలమరలు. పదిహేడో రోజు ట్రయల్ రన్, అంటే కొత్త వంటగదిలో మొదటి వంట. అదే రోజు పొద్దుటి షిఫ్టు అయ్యేసరికి, అంటే మధ్యాహ్నం రెండు గంటలకి, అప్పగింత. చార్టు ఫ్రిజ్ మీద అంటించి, ఫొటో తీసి, రిటైరైన ప్లానర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పాత మిత్రుడు ఉమాశంకర్ వెంటనే రాశాడు: "బావా, మిల్లు వేరు, వంటిల్లు వేరు. ఈసారి నీ రికార్డు గోవిందా!"

ఆ ఒక్క మెసేజీతో పని కాస్తా పరువు సమస్య అయి కూర్చుంది.

మేస్త్రీ కంచరపాలెం కోటి. చెయ్యి తిరిగినవాడు, నోరు అంతకంటే తిరిగినవాడు. మొదటి రోజు సుత్తి ఎత్తబోతే గురునాథరావు గారు ఆపి పర్మిట్ కాగితం చేతిలో పెట్టారు. కరెంటు ఆపినట్టు ఒక సంతకం, నీళ్ళు కట్టేసినట్టు ఒక సంతకం.

"ఏటి సారూ ఇది? గోడ కొట్టడానికి సీటీ రాయాలా? నాను ముప్పయ్యేళ్ళ బట్టి వంటగదులు కడతన్నాను, పెళ్ళికి కూడా ఇన్ని సంతకాలు ఎట్టనేదు!"

"పెట్టాలి. రూలు రూలే."

కోటి పెట్టాడు. ఎక్కడ చిక్కొచ్చిందంటే నాలుగో రోజున, గట్టు ఎత్తు దగ్గర.

గురునాథరావు గారు ఎక్కడో చదివారు, వంటగట్టు నిలబడ్డ మనిషి మోచేతికి అయిదు అంగుళాల కింద ఉండాలని. చాలా శాస్త్రీయమైన విషయం. వెంటనే గోడకి ఆనుకుని నిటారుగా నిలబడి, మోచెయ్యి మడిచి, కోటి చేత కొలిపించారు. నలభై నాలుగు వచ్చింది. అయిదు తీసేస్తే ముప్పై తొమ్మిది. చార్టులో రాసేశారు. మోచెయ్యి మోచెయ్యే కదా, అందులో ఎవరి మోచెయ్యి అనే ప్రశ్న ఎందుకొస్తుందండీ ఆయనకి? ఆయన ఆరడుగులకి ఒక్క అంగుళం తక్కువ. సూర్యకళ గారు ఆయన చొక్కా జేబు దాటరు. పోనీ ఆయన ఎప్పుడైనా గరిట పట్టారా అంటే, పెళ్ళయిన ఈ ముప్పై ఒక్కేళ్ళలో ఆయన వెలిగించింది గ్యాసు పొయ్యి కాదు, దేవుడి దగ్గర అగరొత్తి.

కోటి టేపు చుడుతూ తల గోక్కున్నాడు. "సారూ, ఇంతెత్తు గట్టు నాను ఎవులికీ కట్టనేదు. అమ్మగోర్ని ఓపాలి నిలబెట్టి సూడండి."

"చార్టు ఫ్రీజ్ అయిపోయింది కోటీ. ఇప్పుడు మార్చామంటే దాని తర్వాతి పదకొండు పనులూ వెనక్కి జరుగుతాయి."

సూర్యకళ గారు ఆ మాటలు వినలేదు. ఆవిడ వరండాలో చిన్న కరెంటు పొయ్యి మీద అన్నం వండుకుంటూ, ఆ అన్నం మీద సిమెంటు దుమ్ము పడకుండా చీరకొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ దుమ్ము సంగతి చార్టులో లేదు. దుమ్ము పప్పు డబ్బాల్లోకి వెళ్ళింది, పూజ గదిలోకి వెళ్ళింది, మూత పెట్టిన పెరుగులోకి ఎలా వెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి. హోటల్ టిఫిన్లు అయిదు రోజులు తినేసరికి ఈయన పొట్ట కూడా షట్‌డౌన్ తీసుకుంది. గోడలోని పాత పైపు ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. అయినా సరే, మజ్జిగా జీలకర్రా తాగుతూ, కోటి వెంటపడుతూ, నల్లరాయి బండి ఆనందపురం దగ్గర ఆగిపోతే స్కూటరు మీద వెళ్ళి డ్రైవర్ని బతిమాలి పట్టుకొస్తూ, చార్టు మీద గీత తప్పకుండా పదహారో రోజుకి చేర్చారు. తల ప్రాణం తోకకొచ్చింది. గ్రూపులో రోజుకో ఫొటో పెట్టారు. ఉమాశంకర్ మళ్ళీ రాశాడు: "నడిపే డిపార్ట్‌మెంటు సంతకం పెడితేనే షట్‌డౌన్ అయినట్టు బావా. చెల్లెమ్మ సంతకం ఏదీ?"

నిజమే. ప్లాంటులో ఆనవాయితీ అదే. మరమ్మతు చేసినవాళ్ళు ఎంత గొప్పగా చేశామనుకున్నా, ఆ యంత్రం నడిపేవాళ్ళు నడిపి చూసి, బాగుందని కాగితం మీద సంతకం పెట్టాలి. అప్పటిదాకా గడియారం తిరుగుతూనే ఉంటుంది. గురునాథరావు గారు ఆ కాగితం కూడా కంప్యూటర్లో కొట్టి, ముద్ర ఒక్కటే తక్కువగా, సిద్ధంగా ఉంచారు.

పదిహేడో రోజు పొద్దున్న సూర్యకళ గారు తలస్నానం చేసి కొత్త వంటగదిలోకి అడుగుపెట్టారు. గదంతా తళతళలాడుతోంది. పొయ్యి ముందుకెళ్ళి నిలబడ్డారు. గట్టు ఆవిడ ఛాతీకి తగిలింది. గిన్నె పెట్టి, గిన్నె వైపు చూసి, మునివేళ్ళ మీద లేచి మళ్ళీ చూశారు.

"ఏవండీ, గిన్నెలో ఏముందో నాకు కనపడటం లేదు."

గురునాథరావు గారు ఒకసారి గట్టు వైపు, ఒకసారి చార్టు వైపు చూశారు. కానీ ప్లానరు కదా, క్షణంలో తేరుకుని పూజ గదిలోంచి పీట తెచ్చి వేశారు. "దీని మీద నిలబడు. చిన్న సర్దుబాటు."

ఆవిడ పీట ఎక్కారు. అప్పుడే చేపల చిట్టమ్మ గంపతో గుమ్మంలోకి వచ్చింది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్లో వేలం పాట పాడి కొన్న వంజరం ముక్కలు సూర్యకళ గారికి ఇవ్వకుండా వేరే వీధికి వెళ్ళదు. లోపలికి తొంగి చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఓలమ్మో! పొయ్యి తీసుకెళ్ళి అటక మీదెట్టీసినారేటమ్మా?"

"కొత్త మోడలు చిట్టమ్మా," అన్నారు సూర్యకళ గారు.

"ఏటి మోడలో. అయ్యగోరే వండుతారేటి ఇకమీద?" అని నవ్వుకుంటూ చేపలిచ్చి పోయింది. గురునాథరావు గారికి చిర్రెత్తుకొచ్చింది.

కుర్చీ వేసుకుని, చేతిలో పుస్తకంతో ట్రయల్ రన్ చూడటానికి కూర్చున్నారు. సూర్యకళ గారు పీట ఎక్కి చింతపండు పిసికారు. దిగి, పీట కాలితో సింకు దగ్గరకి జరుపుకుని, ఎక్కి చేపలు కడిగారు. దిగి, జరుపుకుని, ఎక్కి నూనె పోశారు. ఉప్పు డబ్బాకి దిగారు. మూత కోసం దిగారు. ఒకసారి పీట కదిలి ఆవిడ రాయి అంచు పట్టుకుని నిలదొక్కుకుంటే, ఈయన కుర్చీలోంచి సగం లేచిపోయారు. మొదట ఆయన పుస్తకంలో టైము రాస్తున్నారు. తర్వాత ఆవిడ ఎక్కి దిగడాలు లెక్కపెట్టారు. నలభై ఒకటి దగ్గర లెక్క మానేశారు. ఆవిడ భుజాలు చెవుల దాకా ఎత్తుకుని గరిట తిప్పుతుంటే, వంట అంటే ఇంత పనా అని ఆయనకి మొదటిసారి భయమేసింది. ముప్పై ఒక్కేళ్ళూ కంచం ముందు కూర్చుని, ఉప్పు ఎక్కువైందనో కారం తక్కువైందనో చెప్పారు. అంతే ఆయనకి తెలిసిన వంట.

ఒంటిగంటకి పులుసు దింపారు. వీధంతా ఘుమఘుమలాడింది. సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చిన కోటి కూడా గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చాడు.

సూర్యకళ గారు కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చారు. "బాగానే ఉంది లెండి. అలవాటైపోతుంది. ఏదీ ఆ కాగితం, సంతకం పెట్టేస్తాను. రెండు కాలేదు కదా ఇంకా?"

గురునాథరావు గారు కాగితం, పెన్ను ఇచ్చారు. ఆవిడ పెన్ను పట్టుకున్నారు గానీ చెయ్యి మాట వినలేదు. పొద్దుట్నుంచీ ఎత్తి ఉంచిన చెయ్యి మరి. ఎడమచేత్తో కుడి మోచేతిని కిందనుంచి పట్టుకుని కాగితం మీద ఆన్చుకోబోయారు. ఆయన ఆ మోచెయ్యి చూశారు. చిన్న మోచెయ్యి, మీద పసుపు మరక. ఇదేనా కొలవాల్సింది? ఇన్ని రోజులూ తన మోచెయ్యి మడుచుకుని, అదేదో పెద్ద ఇంజనీరింగు అని మురిసిపోయాడే! సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

కాగితం లాగేసుకున్నారు. "కోటీ, ఈ గట్టు దించాలంటే ఎన్ని రోజులు?"

"రాయి లేపాల, కింద గోడలు కొయ్యాల, మళ్ళీ ఎట్టాల. మూడ్రోజులు సారూ. పలకలు కొన్ని పోతాయి."

"మూడు రోజులా? వద్దండీ," అన్నారు సూర్యకళ గారు గాభరాగా. "పీట ఉందిగా. ఊరికే సంతకం పెట్టనివ్వండి."

"నువ్వు ఆ గోడకి నిలబడు. ముందు కొలవనీ. కోటీ, టేపు."

ఆవిడ గోడకి ఆనుకుని నిలబడ్డారు. కోటి ముందు మొగుడు చెయ్యి పట్టుకున్నాడని సిగ్గుపడి మొహం పక్కకి తిప్పుకున్నారు. గురునాథరావు గారు ఒక చేత్తో ఆవిడ మోచెయ్యి మడిచి పట్టుకుని, టేపు నేలకి ఆనించారు. ముప్పై ఎనిమిదిన్నర వచ్చింది. ఆయనకి నమ్మకం కలగలేదు. ఇంతెత్తు మనిషికి గిన్నె ఎందుకు కనపడదు? మోకాళ్ళ మీద కూర్చుని కింద చూశారు. చీర కుచ్చిళ్ళ వెనకాల ఆవిడ మడమలు రెండూ గాల్లో ఉన్నాయి.

"మడమలు దించు సూర్యా."

"దించే ఉన్నానండీ."

"నేను చూస్తూనే ఉన్నాను."

ఆవిడ మునివేళ్ళ మీద అలాగే నిలబడ్డారు.

"తేడా తక్కువుంటే మీరు వదిలేస్తారని," అన్నారు చివరికి. "రెండింటికల్లా అయిపోవాలి కదండీ మీకు. రిటైరైన రోజున అంతమంది మీ రికార్డు గురించి చెప్పారు. ఉమాశంకర్ గారు రేపటినుంచీ మిమ్మల్ని బతకనివ్వరు. నాకైతే పీట అలవాటైపోతుంది."

గురునాథరావు గారు నేల మీదే కూర్చుండిపోయారు. ఈవిడ తన మీద కోపంగా ఉంటుందని పొద్దుట్నుంచీ భయపడ్డారు. కోపమైతే బాగుండేదని ఇప్పుడనిపించింది. ఏడుపొచ్చినంత పనైంది.

"రికార్డు పోతే పోనీ. నీ కాళ్ళు నేల మీద పెట్టు," అన్నారు.

మడమలు మెల్లగా నేలకి ఆనాయి. ఆయన మళ్ళీ కొలిచారు. ముప్పై ఆరు. అయిదు తీసేసి, రాసుకోమని కోటికి చెప్పారు. ముప్పై ఒకటి అని రెండోసారి చెప్పాకగానీ కోటికి వినపడలేదు.