శుభలేఖ ముక్కలతో భాగహారం

భాగహారం అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఆ శుభలేఖ ముక్కలే గుర్తొస్తాయి. నా పెద్దకూతురు అప్పుడు నాలుగో తరగతి. పద్యాలు గడగడా అప్పజెబుతుంది, భాగహారం దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. పూతలపట్టులో దాని బడి హెడ్మాస్టరు నన్ను పిలిపించి, "శనివారం పరీక్షలో భాగహారాలు చెయ్యకపోతే పాపను మూడో తరగతిలో కూచోబెడతామమ్మా" అని తేల్చేశాడు. మూడో తరగతిలో ఉన్నది నా చిన్నకూతురు. "చెల్లి పక్కన కూచోమంటే నేను బడికే పోను" అని పెద్దది ఆ పూట అన్నం ముట్టలేదు.

తిట్టి చూశాను, బతిమాలి చూశాను. ఆటగా నేర్పితే వస్తుందని పక్కింటావిడ చెబితే పేకముక్కలు కొనుక్కొచ్చాను. మా అత్త చూసి ఇల్లు పీకి పందిరేసింది. మా మామ బతికినన్నాళ్ళూ గుళ్ళో కైంకర్యం చేసిన మనిషి.

"పెరుమాళ్ళకు దీపం పెట్టే ఇంట్లో పేకాటా? సిగ్గుండాదా నీకు?"

"పేకాట కాదత్తా, లెక్కలు!"

"ఏ లెక్కలైనా సరే, వీధిలో ఆడుకో పో!"

మా ఇంట్లో వచ్చిన శుభలేఖను పారేయరు. అటక మీది కట్ట దించి, లోపలి కాగితాల్లో అక్షరాలు లేని అంచులు ముక్కలుగా కత్తిరించి, కొన్నిటి మీద ప్రశ్నలు, కొన్నిటి మీద జవాబులు రాశాను. జవాబులన్నీ దాని ముందు పరిచేదాన్ని. నేనో ప్రశ్న ముక్క వేయగానే అది సరైన జవాబు మీద చెయ్యి కొట్టాలి. కొడితే ఆ ముక్క దానిది.

మొదట్లో తడబడింది. తర్వాత ఏం పూనిందో ఏమో, నేను ముక్క కింద పెట్టీ పెట్టకముందే చెయ్యి పడేది. యాభై ఆరును ఏడుతో భాగిస్తే? ఠపీమని ఎనిమిది! తిరుపతిలో ఉద్యోగం చేసే మా ఆయనకు ఫోన్ చేసి గండం గడిచిందని చెప్పాను.

శుక్రవారం సాయంత్రం, ఊరికే చూద్దామని అదే లెక్క పలక మీద రాసిచ్చాను. అది పలకను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏందే, రోజూ చెప్తావు గదా?"

"దీనికి పసుపు యాడుండాదమ్మా?"

శుభలేఖ మూలలకు పసుపు రాస్తాం కదా. ఆ ప్రశ్న రాసిన ముక్క మూలన కాస్త పసుపు అంటి ఉంది. పసుపుంటే ఎనిమిది. ఎర్ర తీగ అంచుంటే ఆరు. సగం తెగిన ఏనుగు తొండముంటే తొమ్మిది. నా తల్లి ఒక్క లెక్క కూడా చెయ్యలేదు, ముక్కల్ని గుర్తుపట్టింది, అంతే. నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"ముందే చెప్పి సావచ్చు గదే!" అని అరిచాను.

"చెప్తే ఆట ఆపేస్తావు. ఆట ఆడేటప్పుడే గదా నువ్వు నవ్వేది."

యాభై ఆరు చింతగింజలు గుమ్మరించి, ఏడేసి గింజలు కుప్పలుగా పెట్టించాను. పెట్టింది. కుప్పలు లెక్కపెట్టి ఎనిమిది అంది. ఇంకో లెక్కిస్తే మళ్ళీ మొదటికే. "పిల్లనట్ల కాల్చుకు తినొద్దు" అని అత్త దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఒక్క రాత్రిలో ఏం నేర్పగలను దేవుడా అని.

శనివారం అది తెల్లకాగితమే ఇచ్చి వచ్చింది.

సోమవారం నేనే దాన్ని మూడో తరగతి గుమ్మం దాకా తీసుకుపోయాను. చూడగానే చిన్నది ఎగిరి గంతేసింది. "మా అక్కొచ్చినాది! అక్కా, రా, ఈడ కూచో!" అని తన సంచి జరిపి, బల్ల మీద చోటిచ్చి, నవ్వు మొహంతో ఎదురుచూసింది. పెద్దది నా చెయ్యి వదల్లేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీయాల్సి వచ్చింది.