గడువు రోజున వెర్నా ఇంటి ముందు ట్రక్కు

హార్లో జంక్షన్‌లో హాకీ గురించి నోరెత్తని మనుషులు ఇద్దరే ఉండేవారు. ఒకాయన శ్మశానం చూసుకునే ముసలాయన. ఆయనకు బ్రహ్మచెవుడు. రెండో మనిషి వెర్నా హ్నాటివ్. ఆవిడకు చెవులు బ్రహ్మాండంగా పనిచేసేవి. పైగా మంచు మీద హాకీ ఆడే రింక్ క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి కాఫీ పోసిన మనిషి కాబట్టి, ఆ ఊళ్ళో ఆవిడ విన్నంత హాకీ గోల మరెవరూ విని ఉండరు. విన్నదంతా విని, కప్పులు నింపి, నోరు మూసుకుని లోపలికి పోయేది.

ఎందుకంటే ఆవిడది బిల్లెట్ ఇల్లు, అంటే ఆటగాళ్ళకు బస ఇచ్చే ఇల్లు. మా ఊరి జట్టు బ్యాడ్జర్స్‌లో ఆడేవాళ్ళంతా ఇంకా మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చలికాలమంతా ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు. ఆ ఇంటి తిండి తింటారు, నేలమాళిగలో పడుకుంటారు, చెమట కంపు కొట్టే సామాను వాళ్ళ బాయిలర్ పక్కన ఆరేసుకుంటారు. అలా కుర్రాణ్ణి పెట్టుకున్నవాళ్ళు ఆట జోలికి పోకూడదు. మా వాణ్ణి ఎక్కువసేపు ఆడించండి అని కోచ్‌ని అడగకూడదు, మా వాణ్ణేమీ అనకండి అని ఊళ్ళోవాళ్ళతో తగువు పెట్టుకోకూడదు. ఈ పద్ధతి ఎవరూ రాసిపెట్టలేదు కానీ, తప్పినవాళ్ళ ఇంటికి మరుసటేడు కుర్రాణ్ణి పంపరు.

అసలు వెర్నాకు హాకీ మీద మోజేమీ లేదు. పొలం మీద పుట్టిన మనిషి. చిన్నప్పుడు తమ్ముళ్ళు పశువుల చెరువు మంచు మీద గడ్డకట్టిన గుర్రప్పేడని ఆట బిళ్ళకు బదులు పక్‌గా పెట్టి కొట్టుకుంటుంటే, ఆ మురికి బట్టలు ఉతకలేక తిట్టుకునేది. తర్వాత ధాన్యం గోదాములో పనిచేసే ఎల్మర్‌ని చేసుకుని ఊళ్ళోకొచ్చింది. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళై కింద గది ఖాళీ అయింది. చర్చి ఫాదరు, "ఒక్క చలికాలం, అమ్మా, ఒకే ఒక్కటి" అని బతిమాలాడు. ఆ ఒక్క చలికాలం ఇరవై దాటినా అవ్వలేదు.

ఆ వచ్చినవాళ్ళలో గార్నెట్ అనే పిల్లాడొకడు ఉండేవాడు. మాటకారి, ఇల్లంతా తానై తిరిగేవాడు. జనవరిలో ఆటగాళ్ళను మార్చుకోవడానికి ఒక గడువు ఉంటుంది. ఆ రోజు దాటితే ఎవడి జట్టు వాడిదే. ఆ గడువు రోజున వెర్నా క్యాంటీన్‌లో ఉండగా వాణ్ణి వేరే జట్టుకిచ్చేశారు. జట్టు సామాను చూసుకునే మర్వ్ తన ఎర్ర పికప్ ట్రక్కు తీసుకెళ్ళి, ఇంటి ముందు ఆపి, వాణ్ణీ వాడి సంచినీ ఎక్కించుకుపోయాడు. అదీ ఊరి పద్ధతే. అలాంటి కబురు ఫోన్‌లో చెప్పరు. వెర్నా ఇంటికొచ్చేసరికి పరుపు మీద దుప్పటి సర్ది ఉంది. దాని మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఉంది. వాడు ఏమైనా తిని వెళ్ళాడో, ఖాళీ కడుపుతో వెళ్ళాడో కూడా తెలియలేదు. అదే ఆవిడను ఏళ్ళ తరబడి తొలిచేసింది. నా ఇంటి నుంచి ఇంకెవడూ దారిలో తినడానికి లేకుండా వెళ్ళకూడదు అని ఆ రోజే అనుకుంది. అప్పటి నుంచి గడువు రోజున మధ్యాహ్నం ఆవిడ ఇల్లు కదిలేది కాదు.

ఇంక కెల్విన్ పార్డీ సంగతి. దేశానికి ఆ చివర, న్యూఫౌండ్‌లాండ్‌లో చేపలు పట్టుకునేవాళ్ళ పిల్లాడు. పదిహేడేళ్ళు. జట్లన్నీ వంతులవారీగా కుర్రాళ్ళను ఏరుకునేటప్పుడు బ్యాడ్జర్స్ వాణ్ణి మొదటి రౌండులోనే ఏరి తెచ్చుకున్నారు. డబ్బా పాలు పోస్తే తప్ప టీ తాగడు. మామూలు పాలు పోస్తే, "ఇది ఆవును కడిగిన నీళ్ళా, ఆంటీ?" అని నవ్వేవాడు. వెర్నా వాడికోసమని డబ్బాలు తెప్పించి అరలో పేర్చింది. వచ్చిన కొత్తలో గోల్ మీద గోల్ కొట్టాడు. ఊరు ఊరంతా వాణ్ణి నెత్తిన పెట్టుకుంది. అక్టోబరు చివర్లో ఏమైందో ఏమో, వాడికి గోల్స్ పడటం మానేశాయి. గోల్ కాపలావాడు ఒక్కడే ఎదురుగా ఉన్నా పక్ గాల్లోకి పోయేది. ముందు ఇంట్లో ఈలలు వేసుకుంటూ తిరగడం మానేశాడు. తర్వాత నవ్వడం మానేశాడు. క్రిస్మస్ దాటేసరికి టీ కప్పు కూడా సగంలో వదిలేసి కిందికి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు గడువు రోజు పొద్దున క్యాంటీన్ కిటకిటలాడింది. బయట ముక్కులు ఊడిపోయే చలి. లోపల బల్ల దగ్గర లార్న్, ఒరెస్ట్ ఎప్పటిలాగే ఎదురెదురుగా కూర్చున్నారు. లార్న్‌ది ఇనప సామాను కొట్టు. కొట్టు కొడుక్కిచ్చేసి, తాను మాత్రం పొద్దస్తమానం జట్టును నడుపుతుండేవాడు, అంటే కాఫీ కప్పు ముందు కూర్చుని. ఒరెస్ట్ బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇద్దరూ ఒకటో తరగతి నుంచీ కొట్టుకుంటూనే ఉన్నారు.

"ఇచ్చెయ్యాలిరా వాణ్ణి," అన్నాడు లార్న్. "అడిగేవాడు ఉన్నప్పుడే ఇచ్చెయ్యాలి. వచ్చే ఏడు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడుండడు."

"పదిహేడేళ్ళ పసివాడురా! పదిహేడేళ్ళప్పుడు నువ్వేం వెలగబెట్టావు? మీ నాన్న కొట్లో కూర్చుని మేకులేరుకున్నావు," అన్నాడు ఒరెస్ట్.

"నన్నెవడూ మొదటి రౌండులో ఏరలేదుగా!"

"వాడి కాళ్ళు చూడరా. అంత వేగంగా పోయేవాడు ఈ లీగు మొత్తంలో ఉన్నాడా?"

"వేగంగా పోయి ఏం చేస్తున్నాడు? మొన్న స్కోరుబోర్డు బల్బు పగలగొట్టాడు. వాణ్ణిచ్చేసి మధ్యలో ఆడి పక్ అందించే ఇరవయ్యేళ్ళ గట్టి సెంటర్‌ని తెచ్చుకుంటే ఈ ఏడు కప్పు మనదే. పిల్లకాయలు ఎదిగేదాకా కూర్చుంటే నేను పోయాక గెలుస్తారు."

"పోతే పో. చూడ్డానికి ఇంకో సీటు ఖాళీ అవుతుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఎవడో "ఇచ్చెయ్" అన్నాడు, ఎవడో "ఉంచు" అన్నాడు. వెర్నా కాఫీ కెటిల్ పట్టుకుని లార్న్ వెనకే నిలబడి ఉంది. లార్న్ వెనక్కి చూడకుండానే కప్పు పైకెత్తి, "నన్నడిగితే వాడి పని అయిపోయిందిరా," అన్నాడు.

కెటిల్ బల్ల మీద ధడేలుమని పడింది.

"చాలు! ఆపండిక!" అంది వెర్నా. "వాణ్ణి ఇచ్చెయ్, వాణ్ణి ఉంచు, వాడేమన్నా పాత ట్రాక్టరా? ఆ పిల్లాడు మా ఇంట్లో నాలుగు మెతుకులు కూడా సరిగ్గా తినడం లేదు, తెలుసా మీకు? ఆదివారం ఆదివారం వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది. బాగున్నాడా అంటుంది. బాగున్నాడండీ, బాగా తింటున్నాడండీ అని నేను చర్చి నుంచి వచ్చిన నోటితోనే అబద్ధం చెప్తున్నాను. మీ నోళ్ళు మూతపడవు కాబట్టి!"

ఇరవై చలికాలాల్లో ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి హాకీ మాట అది. ఒరెస్ట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వెర్నా ఆప్రాన్ విప్పి లార్న్ ఒళ్ళో పడేసి, "నువ్వే పోసుకో కాఫీ," అని కోటు తగిలించుకుని ఇంటికెళ్ళిపోయింది.

దారి పొడుగునా కోపం దిగి, దాని చోట భయం పట్టుకుంది. నియమం తప్పింది. ఇప్పుడు వాణ్ణి ఉంచినా ఇంకో ఇంటికి మారుస్తారేమో. ఉంచనైనా ఉంచుతారో లేదో!

ఇంట్లో ఎల్మర్ అట్టముక్కల బొమ్మ పేర్చుకుంటున్నాడు. కెల్విన్ కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టి కింద గదిలో పడుకుని ఉన్నాడు. ఫోన్ మోగడం మొదలైంది. క్యాంటీన్‌లో తిట్టిన సంగతి ఆవిడకంటే ముందే ఊరు చుట్టేసినట్టుంది. ఒకరి తర్వాత ఒకరు, "నిజమేనా వెర్నా?" అని ఒకటే ఫోన్లు. ఆఖరికి మూలింటి ఐడా ఫోన్‌లో ఊపిరాడకుండా, "వెర్నా, ట్రక్కు! ఎర్ర ట్రక్కు మీ వీధిలోకి తిరిగింది!" అంది.

వెర్నా ఫోన్ పెట్టేసింది. కిటికీ తెర తప్పించి చూసింది. మర్వ్ ట్రక్కు మెల్లగా వచ్చి సరిగ్గా తన ఇంటి ముందే ఆగింది. ఇంజను ఆగలేదు. అద్దాలకు పొగమంచు పట్టి లోపల ఏమీ కనిపించడం లేదు. మర్వ్ దిగడం లేదు. ఎలా చెప్పాలో తెలియక కూర్చున్నాడు పాపం అనుకుంది. ఎదురింటి కిటికీ తెర కూడా కదిలింది.

పరాయి నోటితో వినకూడదు వాడు, అనుకుంది. గబగబా మెట్లు దిగింది.

"కెల్విన్, నాన్నా, లే. ట్రక్కొచ్చింది."

వాడికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏ ఊరట, ఆంటీ?"

"తెలీదురా."

"అక్కడివాళ్ళు డబ్బా పాలు తెప్పిస్తారంటారా?"

"చెప్తానులే వాళ్ళకి. నేనే ఫోన్ చేసి చెప్తాను," అనేసి వెర్నా పైకి పరుగెత్తింది. పంది మాంసం ముక్కలు కోసింది, వెన్న రాసింది, ఉన్న రొట్టె అంతా శాండ్‌విచ్‌లు చేసేసింది. తొందరలో సగం వెన్న బల్లకే పూసింది. ఎల్మర్ నోరు తెరిచి ఏదో అనబోతే, "మాట్లాడకు, కాగితం చుట్టు!" అంది. ఆయన బుద్ధిగా చుట్టాడు.

అప్పుడు వీధిలో కీచుమని బ్రేకుల చప్పుడైంది. తలుపు తట్టకుండా, బూట్లు విప్పకుండా, మంచు తొక్కుకుంటూ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు లార్న్. వెర్నా పడేసిన ఆప్రాన్ కాఫీ పోసుకోవడానికి కట్టుకున్నట్టున్నాడు, అదింకా ఆయన మెడలోనే వేలాడుతోంది.

"ఎవడు? ఏ దద్దమ్మ ఇచ్చేశాడు వాణ్ణి?" అని అరిచాడు.

"ఇచ్చెయ్, ఇచ్చెయ్ అని మూడు నెలల నుంచి ఊరు దంచేసిందెవరు? నువ్వు కాదూ?"

"నేనా? నేనేదో మాట వరసకంటాను! నా మాట ఈ ఊళ్ళో ఎవడు విన్నాడు గనక? మా ఆవిడే వినదు! ఇప్పుడు వింటారని నాకేం తెలుసు?" ఆయన ముక్కు కారుతోంది, కళ్ళు కూడా. చలికే అనుకుందాం. జేబులోంచి కొత్త తోలు చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. "వాడికియ్యి. దారిలో చలి."

సరిగ్గా అప్పుడే మర్వ్ తలుపు తట్టి, బూట్లు విప్పి మర్యాదగా లోపలికొచ్చాడు. కిందనుంచి కెల్విన్ సంచి భుజానేసుకుని మెట్లెక్కి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు కానీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

మర్వ్ వాణ్ణి కింద నుంచి పైదాకా చూసి, "ఎక్కడికిరా బయల్దేరావు?" అన్నాడు.

"నువ్వే చెప్పాలి, ఏ ఊరికిచ్చారో," అంది వెర్నా.

"ఎవర్నిచ్చారు? వీణ్ణా? వీణ్ణెవరిచ్చారు తల్లీ? వచ్చే ఏడు కుర్రాళ్ళను ఏరుకునే వంతులు రెండు వదులుకుని, ఒక పెద్ద సెంటర్‌ని తెచ్చుకున్నాం. మనోడికి పక్ అందించేవాడొకడు ఉండాలని కోచ్ పట్టుబట్టాడు. ఆ కొత్తవాడు బయట ట్రక్కులో ఉన్నాడు, లోపలికి రమ్మంటే సిగ్గుపడి చస్తున్నాడు. నచ్చజెప్పలేక నేను అలసిపోయాను. ఇందాకటి నుంచీ మీకు ఫోన్ చేస్తే ఒకటే ఎంగేజ్! మీ కింద గదిలో ఇంకో మంచం పడుతుందా అని అడగడానికొచ్చాను."

వెర్నాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒక్కసారే వచ్చాయి. చేతిలో ఉన్న గుడ్డతో మర్వ్ వీపు మీద రెండు బాదింది. "అలాంటప్పుడు ఆ ట్రక్కులో ఎందుకొచ్చావురా, పాపిష్టివాడా!"

"నాకింకో బండి లేదమ్మా!" అన్నాడు మర్వ్.

కెల్విన్ సంచి భుజం మీద నుంచి జారి నేల మీద పడింది. వాడు తీయలేదు. "ఆంటీ, నేనుండొచ్చా?" అన్నాడు, ఎవరో మళ్ళీ చెప్తే తప్ప నమ్మనట్టు.

"కూర్చో. తిను," అంది వెర్నా.

కొత్త కుర్రాణ్ణి ఎల్మర్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఇంత పొడుగు మనిషి, ద్వారబంధం తగులుతుందని తల వంచుకుని వచ్చాడు. ఎక్కడో దారిలో తినాల్సిన శాండ్‌విచ్‌లు అందరూ ఆ బల్ల దగ్గరే తినేశారు. లార్న్ మూడు తిన్నాడు. బూట్లు విప్పించి మరీ తినిపించింది వెర్నా. ఆయన వెళ్ళడానికి లేచాక కిటికీలోంచి చూసి అందరూ విరగబడి నవ్వారు. ఆయన కారు ముక్కు నుంచి పొడుగాటి కరెంటు తీగ మంచులో పాములా పడి ఉంది. చలికి ఇంజను గడ్డకట్టకుండా రింక్ గోడకు తగిలించిన తీగ అది. ప్లగ్గు పీకాలన్న ధ్యాసే లేకుండా, గోడలో ఉన్న డబ్బాతో సహా లాక్కొచ్చేశాడు మహానుభావుడు.

"దానిగురించి ఒరెస్ట్‌కి చెప్పకండి," అన్నాడు లార్న్, చెవులు ఎర్రబడి. చెప్పకుండా ఉంటారా?

కెల్విన్ ఆ రోజు ఆటలో గోల్ కొట్టాడా అంటే, లేదు. పక్ గోల్ స్తంభానికి తగిలి టంగుమంది, అంతే. తర్వాతి వారం కొట్టాడు. అదీ వాడి తొడకు తగిలి దానంతటదే లోపలికి పోయింది. అయినా సరే, ఉంచమని మొదట చెప్పింది నేనే అని లార్న్ ఈనాటికీ ఒట్టేసి చెప్తాడు.

ఆ మధ్యాహ్నం అందరూ వెళ్ళాక వెర్నా కిందికి దిగింది. కెల్విన్ మంచం మీద దుప్పటి నీటుగా సర్ది ఉంది. దాని మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఉంది. వెర్నా దాన్ని తీసి గట్టిగా దులిపి, మడతలు పోయేదాకా దులిపి, మళ్ళీ కొక్కేనికి తగిలించింది. పైనుంచి కెల్విన్ టీ అడుగుతున్నాడు.

"ఎల్మర్!" అని కేకేసింది. "సుత్తి తీసుకురా. ఇక్కడ ఇంకో కొక్కెం కావాలి."