ఒక్క ప్లేటును నమ్మని అలవాటు

మా ప్రయోగశాలలో ఒక్క ప్లేటును ఎవరూ నమ్మరు. ప్లేటు అంటే మూత ఉన్న పల్చటి పళ్ళెం. అందులో పొరలా పెరిగిన బ్యాక్టీరియా మీద వైరస్ చుక్క వేస్తే, అది చంపిన చోటల్లా చిల్లులు పడతాయి. పడలేదంటే ఆ బ్యాక్టీరియా దగ్గర ఏదో రక్షణ ఉందేమోనని ఆశ. కానీ ఒకసారి చూసి సంబరపడకూడదు. మళ్ళీ చెయ్యాలి, ఇంకోసారి చెయ్యాలి. విద్యార్థులకు నేను మొదట నేర్పేది అదే.

ఆ అలవాటును ఇంటికి కూడా తెచ్చాను.

గత చలికాలం నా భార్యకు వేళ్ళ కీళ్ళ నొప్పులు మొదలయ్యాయి. న్యూ టౌన్‌లో మా అపార్టుమెంటు ఆడవాళ్ళంతా మేడ మీద ఎండలో కూర్చుని కమలాపళ్ళు వలుచుకుంటుంటే, తను మాత్రం బుగ్గలు మండుతున్నాయని కిందికి వచ్చేసేది. రక్తపరీక్ష చేయించాం. ఫారంలో నా ఫోను నంబరు రాశాను కాబట్టి రిపోర్టు నాకే వచ్చింది. తన సొంత డీఎన్ఏ మీదే తన ఒంట్లో యాంటీబాడీలు ఉన్నాయట. ఒంటి రక్షణే ఒంటి మీద తిరగబడే జబ్బు, లూపస్ కావచ్చని వెంటనే తట్టింది. తనతో మాత్రం, "ఏదో పొరపాటు అయ్యుంటుంది, కొన్నాళ్ళాగి ఇంకోచోట చేయిద్దాం" అన్నాను. అప్పుడు దాన్ని జాగ్రత్త అనుకున్నాను. నిజానికి డాక్టరు నోట ఆ మాట వినే ధైర్యం నాకు లేదు.

రెండో పరీక్ష చేయించేసరికి చలి వెళ్ళిపోయింది. ఫలితం మారలేదు. అప్పటికే తన పాదాలు పొంగుతున్నాయి. సాయంత్రానికి చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడేవి. డాక్టరు రెండు రిపోర్టుల తేదీలూ చూసి, "మధ్యలో ఎందుకు రాలేదు?" అని అడిగారు. కిడ్నీలకు పాకిందేమో తేలాలి, మూత్రంలో ప్రోటీను పరీక్ష చేయించమన్నారు.

ఆ ఫలితం రావలసిన రోజు ఇద్దరం క్యాబ్‌లో నది అవతల ఉన్న షాలిమార్‌కు, తన పుట్టింటికి వెళ్తున్నాం. హుగ్లీ వంతెన మీద బళ్ళు కదలడం లేదు. తన ఫోను ఒళ్ళో ఉంది. ఈసారి ఫారంలో తన నంబరే రాసుకుంది. భయం వేస్తే నేను పాఠం మొదలుపెడతాను.

"ఈ జబ్బులో మోగుతుందనుకునే అలారం ఒకటి చాలా పాతది, తెలుసా? బ్యాక్టీరియాలోనే ఉంది. వైరస్ దూరగానే ఒక ఎంజైము పసిగట్టి, చిన్న అణువుతో కణమంతా కబురు పంపుతుంది. దాని చుట్టమే మన కణాల్లోనూ ఉంది. డీఎన్ఏ ఉండకూడని చోట కనిపిస్తే మోగుతుంది. ఒక్కోసారి మన డీఎన్ఏనే చూసి..."

"బ్యాక్టీరియాలో మోగితే ఏటౌతాది?"

ఆలోచించకుండా చెప్పేశాను. "చాలాసార్లు ఆ కణం తనను తానే చంపేసుకుంటుంది. వైరస్ పెరగదు. పక్క కణాలు బతుకుతాయి."

తను కిటికీ వైపు తిరిగింది. "బాగుందండీ. నేను పోతే మీరు సుఖంగా ఉంటారనా?"

డ్రైవరు అద్దంలోంచి చూసి రేడియో తగ్గించాడు. తెలుగు రాకపోయినా గొంతు అర్థమైనట్టుంది.

"అయ్యో, నా ఉద్దేశం..."

"మీ బ్యాక్టీరియాయే నయం. లోపలికి ఏటొచ్చిందో దానికి వెంటనే తెలిసిపోతాది. నాకు చెప్పడానికి మీకు చలికాలమంతా పట్టీసింది."

ఆ ఎంజైము గురించి వ్యాసాలు రాసినవాణ్ణి, పాదాలు నొప్పిగా ఉన్నాయా అని తనను ఒక్కనాడూ అడగలేదు.

ఫోను మోగింది. తను రిపోర్టు తెరిచి, నాకు అందించబోయి, ఆగి, తన చేతిలోనే ఉంచుకుంది. "ఏ వరస చూడాలో చెప్పండి, చాలు."

వేలితో చూపించాను. ప్రోటీను ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉంది. అందులో నా ఆలస్యం వాటా ఎంతో ఏ పరీక్షా చెప్పదు. తను ఆ అంకెనూ, పక్కనున్న మామూలు అంకెనూ మార్చి మార్చి చూసింది.

"మళ్ళీ చేయిద్దామంటారేటి?"

"వద్దు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం."

బండి ఆస్పత్రికి తిప్పమని డ్రైవరును అడిగాను. "ఇక్కడెలా తిప్పను దాదా? వంతెన దిగాలి కదా" అన్నాడు అతను బెంగాలీలో. ముందు వరుసలో బళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి.

"అమ్మ వండి పెట్టుకుని కూర్చుంటాది. ఏటి చెప్పను?" అంది తను.

"నేను చెప్తాను. మొత్తం చెప్తాను" అని ఫోను తీసుకున్నాను. అవతల అత్తగారు ఎత్తేదాకా తన పాదాల వైపే చూస్తూ ఉన్నాను.