'కాల్ ఇట్ ఎ డే' మాటకున్న నీచు వాసన

నేను చెప్పబోయేదంతా అక్షరాలా నిజమని ఒట్టేసి చెబుతున్నాను; నా సంగతి తెలిసినవాళ్లు కూడా ఈ ఒక్కసారికి నమ్మాలి. మొన్న తాడేపల్లిగూడెంలో చేపల మేత కంపెనీవాళ్లు పెట్టిన మీటింగులో, ఉండి అనే ఊరి నుంచి వచ్చిన రైతొకాయన తన చెరువులో చేపలు చచ్చి తేలుతున్నాయని చెప్పుకుంటూ ఉండగానే, టై కట్టుకున్న కుర్రాఫీసరు వాచీ చూసుకుని, 'లెట్స్ కాల్ ఇట్ ఎ డే' అని నవ్వుతూ మైకు కట్టేశాడు. నేను ముక్కు మూసుకున్నాను.

మన ఈడువాళ్లం ఉద్యోగాల్లో కొత్తగా చేరిన రోజుల్లో, కైకలూరులో చేపల ప్యాకింగు షెడ్డులో నేను గుమాస్తాగా ఉండగా, రోజూ ఏలూరు నుంచి బస్సులో వచ్చిపోయే మేనేజరుగారు ఆ మాట మాకు నేర్పారు. ఇవాళ్టికి చేసింది చాలు, ఇక లేద్దాం అని అర్థమట. చెయ్యాల్సినంత చేశామని అందరికీ తోచినప్పుడు వాడాలట. అర్థం చక్కగానే చెప్పారు గానీ, ఆయన వాడింది మాత్రం ఎప్పుడూ తన బస్సు వేళకే.

ఒక వేసవిలో నీరు చెడి చేపలు నోళ్లు పైకెత్తుతుంటే, మా పెదనాన్న కౌలుచెరువంతా ఒక్క పూటలో పట్టించి షెడ్డుకు తెచ్చాడు. ఏడాది కష్టమంతా ఆ బొచ్చె, శీలావతి చేపలే. సగం పెట్టెలకు ఐసు వేశామో లేదో, మేనేజరుగారు లేచి తన ఇంగ్లీషు ముక్క అనేశారు.

"ఏవండీ, ఒక్క అరగంటండీ. ఐసు పడితే చాలండి," అన్నాడు పెదనాన్న.

"రేపు చూద్దాం లెండి. ఈదుకుంటూ పోతాయా ఏవిటండీ!" అంటూ ఐసు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని ఆయన బస్సెక్కారు. ఊళ్లో మిగతా ఐసంతా అప్పటికే లారీలకెక్కిపోయింది.

తెల్లారేసరికి పెట్టెల కింద జిగట నీళ్లు, పొట్టలు పగిలిన చేపలు, జుయ్యిమంటూ ఈగలు. పెదనాన్న వాటిని గొయ్యి తీసి పూడ్చాడు. మళ్లీ చెరువు జోలికి పోలేదు. పూడ్చేముందు ఒక కుళ్లిన బొచ్చెను మాత్రం మేనేజరుగారి సంచిలో దూర్చాడు. సాయంత్రం బస్సు కొల్లేరు మధ్యకు వచ్చేసరికి జనమంతా ముక్కులు మూసుకుని దిగిపోగా, కొల్లేటి కొంగలు ఆయన్ని ఊరేగింపుగా ఏలూరు దాకా దిగబెట్టాయి.

ఆ రోజుల్లో ఆఖరి పెట్టె మూత పడితే గానీ షెడ్డు ఆడవాళ్లు చేతులు కడుక్కునేవారు కారు. ఇప్పుడు ఐసుకు కరువు లేదు. ఎదుటివాడి పనయిందా అని చూసి లేచేవాళ్లకే కరువు.

సరే, ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. సంచిలో చేపా, కొంగల ఊరేగింపూ నా కల్పన. నిజానికి ఆ పొద్దున మా పెదనాన్న ఆ కంపులోనే నిలబడి, బస్సు దిగి వచ్చిన మేనేజరుగారికి నమస్కారం పెట్టి, "టిఫిన్ చేశారాండీ?" అని అడిగాడు.

చేశారట. ఇడ్లీ బావుందట.