ముహందిస్ విమానంలో అదురు

సౌదీలోని యాన్బులో నా ఉద్యోగం యంత్రాల అదురు కొలవడం. పంపులు, బ్లోయర్లు, కూలింగ్ టవర్ ఫ్యాన్లు, తిరిగేది ఏదైనా సరే, దానికి సెన్సర్ తగిలించి ఎంత అదురుతోందో చూసి చెప్పాలి. పన్నెండేళ్లుగా అదే పని. విమానాలతో నాకున్న సంబంధమల్లా సెలవుకి సామర్లకోట వెళ్లేటప్పుడు కిటికీ పక్క సీటు అడగడమే. అందుకే మా ప్లాంటులో రిటైరైన సౌదీ ఇంజినీరు ఒకాయన ఫోన్ చేసి, "నా విమానం అదురుతోంది, వచ్చి చూస్తావా?" అన్నప్పుడు సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

ఆయన్ని మేమంతా ముహందిస్ అనేవాళ్లం. అరబ్బీలో ఇంజినీరని అర్థం. నాకు చాలాకాలం పై ఆఫీసరు. ఇంగ్లీషులో మొదలుపెట్టి అరబ్బీలో ముగించే మాట ఆయనది. రిటైరయ్యాక, పెట్టెల్లో తెప్పించుకున్న విడిభాగాలతో ఇంటి వెనక షెడ్డులో ఐదేళ్లు కూర్చుని, ఇద్దరు పట్టే చిన్న విమానం సొంత చేతుల్తో కట్టుకున్నారు. అనుమతులన్నీ వచ్చాయి, విమానం ఎగిరింది కూడా. కానీ ఇంజను కాస్త వేగం అందుకోగానే ఒళ్లంతా అదురు. ఇంటర్నెట్‌లో అడిగితే ఒకరు ఇంజను కింద రబ్బర్లు మార్చమన్నారట, ఇంకొకరు ప్రొపెల్లరే మార్చమన్నారట.

"నా దగ్గర అదురు కొలిచే మీటరుంది. అది చెప్పేది చదివేవాడే లేడు. శుక్రవారం రా, సదీక్," అన్నారు. 'మిత్రమా' అన్నంత చనువుగా ఆ మాట అనేవారు.

ఒక్కణ్ణే వెళ్లడానికి ధైర్యం చాలక మా క్యాంపులో ఉండే ఫిట్టర్ అన్నని వెంటబెట్టుకున్నాను. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నాకన్నా పదేళ్లు పెద్ద. స్పానరు పట్టుకుంటే ఇక మాట్లాడడు.

ఆ శుక్రవారం పొద్దున్నే ముహందిస్ జీపులో గంటన్నర ప్రయాణం. చెక్‌పోస్టులో ఇకామాలు, అంటే మా నివాస అనుమతి కార్డులు, చూపించి, తారు రోడ్డు దిగి, కంకర మీద పోతే ఒక రన్‌వే, నాలుగు రేకుల షెడ్లు. ఒక షెడ్డులో తెల్లటి విమానం. ముందు మూడు రెక్కల ప్రొపెల్లర్. అన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గింత చిన్నదా? మా ఊరి ఆటో గింతుంటది తమ్మీ," అన్నాడు మెల్లగా. ముహందిస్ అర్థం చెప్పమన్నారు. బాగుందంటున్నాడని చెప్పాను.

పని నాకు తెలిసిందే. తిరిగేదాంట్లో ఒక పక్క బరువు ఎక్కువైతే అది అదురుతుంది. ముందొకసారి తిప్పి, అదురు ఎంత, ఏ కోణంలో ఉంది అని రాసుకోవాలి. తర్వాత ఒక వాషర్ ఎక్కడో ఒకచోట బిగించి మళ్లీ తిప్పాలి. రెండిటి తేడా చూస్తే అసలు బరువు ఎక్కడ పెట్టాలో లెక్క తేలుతుంది. ప్రొపెల్లర్ మధ్యలో మొనదేలిన టోపీ లాంటిది ఉంటుంది, దాన్ని స్పిన్నర్ అంటారు. దాని వెనకున్న అల్యూమినియం పళ్లెం మీద వాషర్లు బిగించుకోవచ్చు.

చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాం. ముహందిస్ లోపల కూర్చుని ఇంజను తిప్పారు. అన్న మంటలార్పే సిలిండర్ పట్టుకుని ప్రొపెల్లర్ రెక్కలకి దూరంగా పక్కన నిలబడ్డాడు. నేను మీటరు చూసి అంకె రాసుకున్నాను. అలవాటుకొద్దీ ఏమీ ముట్టుకోకుండా ఇంకోసారి తిప్పించాను. ప్లాంటులో అయితే రెండుసార్లూ ఒకటే వస్తుంది.

ఇక్కడ రాలేదు. అదురు దాదాపు అంతే ఉంది గానీ కోణం ఎటో పోయింది. మూడోసారి ఇంకెటో పోయింది. సెన్సర్ వదులైందేమోనని బిగించాను. తీగలు మార్చాను. వాషర్ పెట్టి చూస్తే అదురు పెరిగింది. సరిగ్గా ఎదుటి వైపుకి మారిస్తే తగ్గాలి కదా, మళ్లీ పెరిగింది.

"గిదేంది తమ్మీ, ఎటు పెట్టినా పెరుగుతాంది?"

"ఏమో అన్నా, నాకూ అర్థం కావట్లేదు."

ముహందిస్‌కి మాత్రం ఇంకా డేటా కావాలని చెప్పాను. ఏమీ తెలియనప్పుడు మేము చెప్పే మాట అది.

ఆ వారమంతా కాగితాల మీద బాణాలు గీస్తూ గడిపాను. ఊళ్లో ఉన్న మా ఆవిడకి ఫోన్లో చెబితే, "మన హాల్లో ఫ్యాను ఊగితే రూపాయి బిళ్ల అంటించారు కదండీ, అలాంటిదేగా?" అంది.

"అలాంటిదే. కానీ ఇది రోజుకో చోట బిళ్ల అడుగుతోంది."

"అయితే ఊగేది ఫ్యాను కాదేమో, కొక్కెమేమో చూసుకోండి," అంది. నాకు కోపం వచ్చింది. పెట్టేశాను.

రెండో శుక్రవారం నాకో ఆలోచన వచ్చింది. మొదటి వారం ఇసుక షెడ్డులోకి కొట్టకుండా ఉండాలని విమానాన్ని గాలికి వీపు పెట్టి నిలబెట్టాం. వెనక నుంచి గాలి తగిలితే రెక్కలు కుదురుగా తిరగవు. పైగా ఎండ నేరుగా, కోణం పట్టే కాంతి సెన్సర్‌లో పడుతోంది. ఈసారి ముక్కు గాలి వైపు తిప్పి, సెన్సర్‌కి అట్టముక్క నీడ కట్టి కొలిచాం. రెండుసార్లు ఒకే కోణం వచ్చింది. నేను గెంతినంత పని చేశాను. లెక్కవేసి వాషర్ బిగించాను. అదురు సగానికి తగ్గింది. మళ్లీ తిప్పితే మొత్తం తిరిగొచ్చింది.

ముహందిస్ ఇంజను ఆపి దిగలేదు. సీట్లోంచే, "ఒక మాట నిజం చెప్పు. నేను కట్టడంలోనే తప్పుందా?" అన్నారు.

ఆయన నన్ను ఎన్నోసార్లు తిట్టారు. తన పని ఎలా ఉందని ఎప్పుడూ అడిగింది లేదు. ఆయన చేతుల వైపు చూశాను. వేళ్ల కొసల్లో జిగురు మరకలు ఇంకా పోలేదు. "లేదు ముహందిస్," అన్నాను. తెలిసి అనలేదు.

మూడో వారం అన్న తేల్చేశాడు. "మీటరు పక్కన పెట్టు. మొత్తం ఇప్పుదాం. చేత్తోటి పట్టి చూడనిది ఏం తెల్వదు నాకు."

విప్పాం. ముందు ప్రొపెల్లర్ రెక్కల కోణాలు కొలిస్తే రెండు సరిగ్గా ఉన్నాయి, మూడోది అర డిగ్రీ తేడా. ఆ ఒక్క రెక్కా గాలిని వేరేగా లాగుతుంది కాబట్టి అదీ అదురుకి కారణమే. దొరికిందనుకున్నాను. ఇంతలో అన్న స్పిన్నర్ వెనక పళ్లేన్ని వెలుగులోకి పట్టుకుని, బొటనవేలి గోరుతో ఒక బోల్టు రంధ్రం చుట్టూ గీకుతున్నాడు.

"ఇటు రా. గోరు తట్టుతాంది."

వెంట్రుకంత పగులు. సరిగ్గా నేను వాషర్లు బిగించిన రంధ్రం దగ్గరే.

పగులు వల్ల పళ్లెం ఒక్కోసారి ఒక్కో రకంగా కదిలి కోణాలు మారి ఉండొచ్చు. లేదా నేను బరువులు పెట్టి పెట్టి, బిగించి బిగించి ఆ పగులు తెప్పించి ఉండొచ్చు. ఏది ముందో నాకు తెలియదు. చెప్పకుండా ఊరుకోవచ్చనీ అనిపించింది. కానీ ఆ ప్రొపెల్లర్ వెనక కూర్చునేది ఆయన.

"ముహందిస్, ఇది నా వల్లే అయి ఉండొచ్చు," అన్నాను.

ఆయన భూతద్దం తెచ్చారు. పాత పగులైతే రాపిడికి అంచుల్లో నల్లపొడి చేరుతుంది, కొత్తదైతే మెరుస్తుంది అన్నారు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. రంధ్రం దగ్గర సగం నల్లగా ఉంది. చివర సగం మెరుస్తోంది.

"సగం నాది, సగం నీది," అని ఆయన నవ్వారు. అన్నకి వచ్చీరాని హిందీలో కూడా అదే చెప్పారు. అన్న నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

కొత్త పళ్లెం రావడానికి నెల పట్టింది. అది బిగించి, మూడు రెక్కల కోణం ఒకటి చేసి, అన్న బోల్టులన్నీ బిగువు కొలిచే టార్క్ స్పానరుతో వరసగా బిగించాడు. ఇంజను తిప్పితే అదురు నాలుగో వంతే ఉంది. రెండోసారీ అంతే, అదే కోణం. ఒక్క వాషర్‌తో ఇంకా దిగిపోయింది. లెక్క చెప్పిన చోటే పెట్టాను, లెక్క చెప్పినట్టే తగ్గింది. నేను కంకర మీదే కూర్చుండిపోయాను.

అయితే ముహందిస్ ఊరుకోలేదు. "దేని వల్ల తగ్గింది? రెక్క వల్లా, పగులు వల్లా? ఆ రెక్కని పాత తప్పు కోణంలో పెట్టి చూద్దాం."

అర్థం చెప్పగానే అన్న స్పానరు కింద పెట్టేశాడు. "బాగైనదాన్ని మల్ల కెలుకుడేంది? నేను ముట్ట. చెప్పు ఆయనకు."

చెప్పాను. ముహందిస్ తానే రెక్క తిప్పడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలు చూసి అన్న లేచి, "అట్ల కాదు సాబ్," అని ఆయన చేతిలోది తీసుకున్నాడు.

తప్పు కోణంలో తిప్పితే అదురు పెరిగింది, కానీ కొంచెమే. అంటే పగులుదే తప్పా? పగిలిన పళ్లెం మళ్లీ బిగించి చూస్తే తప్ప తేలదు. అది మాత్రం ముగ్గురం వద్దనుకున్నాం. రెక్కని మళ్లీ సరిచేస్తే, అదురు పొద్దుటికన్నా ఇంకా తక్కువొచ్చింది. అదెందుకో అసలే తెలియదు.

"నేను బోల్టులు రెండోసారి బిగిచ్చిన గదా," అన్నాడు అన్న.

"అయితే బోల్టులేనా?"

"నన్నడిగితే? మీటరు నీ దగ్గరుంది."

విమానం పుస్తకంలో కారణం రాయాలి. ముహందిస్ కలం పట్టుకుని నా వైపు చూశారు. నేను అన్న వైపు చూశాను. చివరికి మార్చినవన్నీ వరసగా రాసి, కింద 'అదురు తగ్గింది' అని మాత్రం రాశారు.

తర్వాతి వారం ఆయన ఒంటరిగా రెండుసార్లు ఎగిరి చూసుకుని, మూడోసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఒక్కో వేగం దగ్గర నేను చెయ్యెత్తుతాను. మీటరు చూసి రాసుకో." బెల్టు బిగించారు. రన్‌వే మీద పరుగెడుతుంటే భయంతో కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కింద కొండలు, వాటి అవతల ఎర్రసముద్రం. ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చ, పగడపు దిబ్బ అంచు దాటగానే ఒక్కసారిగా ముదురు నీలం. దూరంగా మా ప్లాంటు పొగగొట్టాలు వేలంత ఉన్నాయి. పన్నెండేళ్లుగా ఆ ఊళ్లో ఉంటూ సముద్రం ఇలా ఉంటుందని నాకు తెలియదు.

దిగాక అన్న పరుగున వచ్చాడు. "ఊగిందా తమ్మీ? ఎంతొచ్చింది?"

ఒళ్లో కాగితం చూసుకున్నాను. ఒక్క అంకె కూడా రాయలేదు. ముహందిస్ ఎన్నిసార్లు చెయ్యెత్తారో కూడా నాకు గుర్తులేదు.