సిపాయి మేస్త్రీ కట్టిన వంతెన

మొన్న మా మనవడు కాలేజీ కవాతు కోసం బెల్టుకున్న ఇత్తడి బిళ్ళను వరండాలో కూర్చుని పాలిష్ చేస్తుంటే ఆ ఘాటు వాసన పడక నేను లేచి లోపలికెళ్ళి పడుకున్నాను. ఎండదెబ్బ అనుకుని ఇంట్లోవాళ్ళు మజ్జిగ ఇచ్చారు. ఎండ కాదు, అలాంటి బిళ్ళనే తోముకుంటూ కూర్చునే మా మావ అప్పలసావి గుర్తొచ్చాడు.

మావంటే మా నాన్న చెల్లెలి మొగుడు. రాయగడలో మా పక్క వాటాలోనే ఉండేవాడు. తాపీ మేస్త్రీ. పడుచుతనంలో పలటనులో చేరి, వంతెనలూ సిపాయిలుండే బారకాసులూ కట్టే దళంలో కొన్నేళ్ళు ఇటుకలు పేర్చి వచ్చాడు. అలాంటివాళ్ళను సర్కారు పూర్తిగా వదిలేది కాదు. రిజర్వు అని పేరు పెట్టి, ఏడాదికోసారి కంటోన్మెంటుకు పిలిచి, కవాతు చేయించి మళ్ళీ ఊళ్ళ మీదికి తోలేది. తక్కిన కాలమంతా వాళ్ళు మామూలు మేస్త్రీలే. ఆ సంగతి మా మావకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మామిడి పూతకు వెళ్ళి, కొండల్లో ఇప్పపూలు రాలే వేళకు తిరిగొచ్చేవాడు. అతను లేనన్నాళ్ళూ మాకు పండగ. అత్త అరుగు మీద అడ్డాకుల విస్తళ్ళు కుడుతూ పాడేది, సోళ్ళ పిండిలో బెల్లం కలిపి మాకు రొట్టెలు కాల్చేది, చింతపిక్కలాటలో మాతో సమానంగా తొండి చేసేది, పనసకాయ కొట్టిన రోజున వీధంతటికీ పొట్టుకూర పంచేది. మావ బూట్ల చప్పుడు వీధి మలుపులో వినిపిస్తే చాలు, పాట ఆగిపోయేది.

ఊరతణ్ణి సుబేదారు అనేది. నిజానికి సిపాయికి ఒక్క మెట్టు పైనుండే లాన్సు నాయకు. అతను కట్టిన గోడలు మొదటి వానకే పొట్టలు ఉబ్బేవి, నేల మంచిది కాదనేవాడు. రైలు దారి పైకి సాగుతున్న రోజులవి, ఖాకీ నిక్కరు కనిపిస్తే దొరలు పని అప్పగించేవారు. రాళ్ళు మోయడానికి కొండల్నించి దిగిన కోదు తెగ ఆడవాళ్ళను తలమీద తట్టలతోనే వరసలో నిలబెట్టి లెఫ్ట్ రైట్ నడిపించేవాడు. మెసపొటేమియాలో ఏదో నదిమీద తను కట్టిన వంతెన గురించి చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా ఆ నది ఇంకొంచెం వెడల్పయ్యేది. మా నాన్నతో సహా మగవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని వినేవారు. వాళ్ళను తలుచుకున్నా నాకు మావను తలుచుకున్నంత రోత.

ఒక శ్రావణమాసం అత్తా నేనూ గెడ్డ అవతల సంతకు వెళ్ళాం. అత్తకు నెలలు నిండుతున్నాయి. పసుపూ, కూరకు లేత వెదురు కొమ్ములూ కొనుక్కుని తిరిగొచ్చేసరికి, పైన కొండల్లో కురిసిన వానకు గెడ్డ ఎర్రగా పొంగింది. పొద్దున మోకాలి లోతులో దాటిన చోట దుంగలు కొట్టుకుపోతున్నాయి.

కబురంది ఊరంతా మాకు ఎదుటి గట్టున చేరింది. మావ ముందు ఇంటికెళ్ళి, ఖాకీలు తొడుక్కుని, బూట్లు బిగించుకుని మరీ వచ్చాడట. ఈల ఊదాడు. మగవాళ్ళను వరసలో నిలబెట్టాడు. ఒక జాలరి తాళ్ళు నడుముకు చుట్టుకుని, ప్రాణాలకు తెగించి ఈదివచ్చి మా వైపు చెట్లకు కట్టి వెళ్ళాడు. వాటిమీద వెదుళ్ళు అడ్డంగా కట్టించి, పలటను వంతెన తయారైందన్నాడు మావ. అది నడుమ నీళ్ళను తాకుతూ ఊగుతోంది.

“నడువే, ఫార్వర్డు మార్చి,” అని అరిచాడు.

అత్త వంతెన వైపు చూసి పొట్టమీద చెయ్యి వేసుకుంది.

“ముందు నువ్వు నడిసి రా. నువ్వొస్తే నీ ఎనకాల నానొస్తాను.”

“నాను ఆర్డరిచ్చేవోణ్ణి, నడిసేవోణ్ణి కాను. ఊరందరి ముందూ పరువు తీత్తావేటే?”

“నువ్వు తొక్కనిదాన్ని నానెందుకు తొక్కాలి?”

“సుబేదారు మాట ఇనవే, అమ్మీ,” అన్నాడు మా నాన్న చెల్లెలితో, అవతలినుంచి.

అత్త నన్ను తలమీది ఆకుల గిడుగు కిందికి లాక్కుని గట్టుమీద కూర్చుంది. ఇంకా వెలుతురుండగానే ఒక మద్దిమాను కొట్టుకొచ్చి వంతెనకు తగిలింది. తాళ్ళు అరటినారల్లా తెగిపోయాయి. ముడులు సరిగా వెయ్యలేదంటూ మావ ఆ జాలరి చెంప పగలగొట్టాడు.

మర్నాడు నీరు తీశాక గెడ్డ దాటాం. అత్త మొగుడి పక్కనుంచి, అన్న పక్కనుంచి నడిచి వెళ్ళి, కొరాపుట్ పోతున్న బళ్ళ వరసలో ఒక బండెక్కింది. అక్కడ అత్త వాళ్ళ అక్క ఉండేది.

“ఎప్పుడొస్తావత్తా?” అన్నాను.

“నువ్వే రాయే, అమ్మీ,” అంది.

అక్కడే కూతుర్ని కంది, ఆకులు కుట్టి పెంచింది, రాయగడ గడప మళ్ళీ తొక్కలేదు. మావకు ఖాకీ చొక్కా చేతిమీద మరో పట్టీ వచ్చింది, మరో పెళ్ళాం వచ్చింది. ఊరు దణ్ణాలు పెడుతూనే ఉంది.

ఇప్పుడా గెడ్డమీద సిమెంటు వంతెనుంది, బస్సులో కళ్ళు మూసి తెరిచేలోగా దాటేస్తాం. సంత లేదు. రిజర్వు పిలుపులు లేవు. మావ కట్టిన గోడ ఒక్కటీ నిలవలేదు, అందుకు నాకు చింత లేదు. పోయినేడు కొరాపుట్‌లో అత్త ఉన్న వీధి వెతుక్కుంటూ వెళ్ళి అడిగితే, గుమ్మంలో కూర్చున్న ముసలామె, “ఓ, సిపాయోడి పెళ్ళామా,” అంది. చచ్చిపోయేదాకా ఆ వీధి అత్తను అలాగే పిలిచిందట.

మా అత్త పేరు నరసమ్మ.